ఏడో నంబరు అతుక్కి సంజాయిషీ మెమో

గంగడపాలెం అణువిద్యుత్ కేంద్రంలో ఏది తేడా చేసినా ఒకటే మందు: మెమో. ఆలస్యంగా వచ్చిన గుమాస్తాకి మెమో, తొందరగా వచ్చి కుర్చీలో కునుకు తీసినవాడికి మెమో. నిరుడు ఎండాకాలంలో క్యాంటీన్ పెరుగు పులిస్తే పెరుగు గిన్నెకి కూడా ఒక మెమో అంటించారు. మర్నాటి పెరుగు కమ్మగా ఉంది. అప్పటినుంచి పరిపాలనాధికారి పరాంకుశం గారికి మెమో మీద ఉన్న నమ్మకం కాస్తా భక్తి అయిపోయింది. వంటమనిషి తోడు తగ్గించి వేసిన సంగతి ఆయన దాకా వెళ్ళలేదు. వెళ్ళినా ఏ ఫైల్లో పెట్టాలో తెలిసేది కాదు.

అంచేత, కేంద్రం రసాయన ప్రయోగశాలలో పనిచేసే మంగతాయారు, ఏడో నంబరు అతుకులో రాగి ఎక్కువుందని తేల్చినప్పుడు జరగబోయేది ఊహించి ఉండాల్సింది. ఊహించలేదు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో లోహానికి మెమో ఇవ్వడం ఆమె ఎన్నడూ చూడలేదు.

రియాక్టరంటే ఏమిటని ఆడపడుచు అడిగితే మంగతాయారు ఇలా చెప్పేది: "ఇంటి ఎత్తు ప్రెషర్ కుక్కరనుకో వదినా. ఒకే రేకుతో అంతదాన్ని చెయ్యలేరుగా! జానెడు మందం ఉక్కు కడియాలు ఒకదానిమీద ఒకటి పేర్చి, మధ్యలో వెల్డింగ్ తీగ కరిగించి అతుకుతారు." ఆ అతుకుల్లో ఏడోది సరిగ్గా మంటకి ఎదురుగా ఉంటుంది. దాన్ని కోసి చూడ్డం కుదరదు. అందుకని కట్టినప్పుడే, అదే తీగతో అదే చేత్తో వేసిన చిన్న అతుకు ముక్కలు కొన్ని డబ్బాలో పెట్టి లోపల వేలాడదీశారు. అతుకు ఎలా ముసలిదవుతుందో ముక్కా అలాగే ముసలిదవుతుంది. పదేళ్ళకోసారి ఒక ముక్కని బయటికి తీసి, దాని మొహం చూసి అతుకు ఆరోగ్యం చెబుతారు.

ఇంతకుముందు రెండుసార్లు తీసినప్పుడు ముక్కని విరిచి బలం చూశారు గాని, అందులో ఏముందని ఎవరూ అడగలేదు. కట్టినప్పటి ధ్రువపత్రంలో ఉందిగా, మళ్ళీ ఎందుకన్నారు. ఈసారి పైనుంచి వచ్చిన కొత్త ఆదేశంలో 'లోహమిశ్రమం కూడా పరీక్షించవలెను' అని ఒక వాక్యం ఉంది. అది ఎవరో పొరపాటున రాసిన వాక్యమని కార్యాలయంలో అందరి అభిప్రాయం.

ముక్కని చేత్తో ముట్టుకోకూడదు. గజం మందం అద్దం వెనక దాన్ని పెట్టి, ఇనపచేతులు ఆడిస్తూ నూకరాజు గోకుతాడు. రాలిన పొడి ఇంగువ చిటికెడంత కూడా ఉండదు. దాన్ని మంగతాయారు ఆమ్లంలో కరిగించి యంత్రానికి ఇస్తే, అందులో ఏది ఎంతుందో యంత్రం చెబుతుంది.

"ఏటి మేడమ్, మళ్ళీ గోకమంటారా?" అన్నాడు నూకరాజు ఆ సోమవారం. "ఇది నాలుగోసారి. మీరిలాగ గోకిస్తే ముక్కా మిగల్దు, నా సెయ్యీ మిగల్దు."

"నీ చెయ్యి ఇనపదేగా."

"సెయ్యి సర్కారుది. నడుం నాది."

నాలుగుసార్లూ గిన్నెలు మార్చింది, ఆమ్లం సీసా మార్చింది, చివరికి చేతి తొడుగులు కూడా మార్చింది. పోపులోకి ఆవాలు లెక్కపెట్టి వేస్తుందని ఆడపడుచు వేళాకోళమాడేది ఊరికే కాదు. యంత్రం మాత్రం మాట మార్చలేదు. రాగి 0.31 శాతం. ధ్రువపత్రంలో 0.06.

"ఎక్కువైతే ఏటవుద్ది?" అన్నాడు నూకరాజు.

"రాగి ఎక్కువున్న ఉక్కు ఏళ్ళతరబడి రియాక్టర్ మంట పక్కన ఉంటే పెళుసెక్కిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు ఒత్తిడి పెడితే బీటలు తియ్యొచ్చు."

నూకరాజు ఇనపచేతులు వదిలేసి తన చేతులు తుడుచుకున్నాడు. "మా ఇల్లు గేటుకి ఎదురే మేడమ్."

"మాదీ అంతే," అంది మంగతాయారు.

*

కేంద్ర సంచాలకులు త్రినాథరాజు గారు ఆమె కాగితాన్ని చల్లారిన పకోడీలాగా రెండువేళ్ళతో పట్టుకున్నారు.

"ఈ కాగితం ఎప్పటిది?"

"ఇవాళ్టిదేనండి."

"ధ్రువపత్రం ఎప్పటిది?"

పక్కనే ఉన్న పరాంకుశం గారు ఫైలు చూడకుండానే చెప్పారు. "ముప్పై ఒక్క సంవత్సరాల నాలుగు మాసాల పదకొండు రోజులది సార్. నిబంధన ప్రకారం ఒకే విషయంపై రెండు దస్త్రములు విభేదించినచో సీనియారిటీ గల దస్త్రము చెల్లును."

"విన్నారుగా? అతుకు వేసిన తీగని ఆనాడే పరీక్షించి ఇచ్చిన పత్రమది. మీ కాగితం ఇంకా తడి ఆరలేదు. నేను దేన్ని నమ్మాలి?"

"ముక్కనండి."

"ముక్క సంతకం పెడుతుందా?"

మంగతాయారు ధ్రువపత్రం వంక చూసింది. కింద సంతకం ఉంది. చివరి అక్షరానికి తోక వెనక్కి తిరిగి, పాము పడగలాగా లేచి ఉంది. అచ్చం అలాంటి పడగే నెలనెలా తన సెలవుచీటీ మీద చూస్తూంటుంది. ముప్పై ఒక్కేళ్ళ కిందట త్రినాథరాజు గారు ఇక్కడ కొత్తగా చేరిన ఇంజనీరు. ఆమెకి సంగతి బోధపడింది గాని, మొహంలో కనపడనివ్వలేదు.

"పద్నాలుగో తారీకున మంత్రిగారు వస్తున్నారు," అన్నారు సంచాలకులు. "మరమ్మతులయ్యాక రియాక్టర్ని ఆయన చేత్తో మళ్ళీ మొదలుపెట్టిస్తున్నాం. బటన్ నొక్కిన మూడు గంటల్లో ఒత్తిడి ఎక్కిస్తాం, ఆయన భోంచేసి వెళతారు. మీ లెక్క నిజమైతే ఏం చెయ్యాలి?"

"ముందు తొమ్మిది గంటలు నెమ్మదిగా వేడెక్కించాలండి. అతుకు బాగా వేడెక్కాకే ఒత్తిడి పెట్టాలి."

"మంత్రిగారు తొమ్మిది గంటలు కూర్చుంటారా?"

"మెత్తటి కుర్చీ వేస్తే కూర్చుంటారేమోనండి."

సంచాలకులు ఖాళీ నివేదిక ఫారం ఒకటి ఆమె ముందుకి తోశారు. "రాగి అన్నచోట పాయింట్ సున్నా ఆరు రాసి సంతకం పెట్టండి."

"పెట్టనండి. ఉన్నదే రాస్తాను."

"మీరు సంతకం పెట్టకపోతే ప్రారంభం ఆగిపోతుంది."

"పెడితే ఆగదుగదండీ. అదే భయం."

త్రినాథరాజు గారు కళ్ళు మూసుకున్నారు. పరాంకుశం గారు తెరిచారు. ఆయన మొహంలో పెరుగు గిన్నె నాటి వెలుగు మళ్ళీ కనిపించింది.

"సార్, ఇందులో మేడమ్ గారి తప్పు లేదు. ధ్రువపత్రం తప్పు అంతకన్నా లేదు. రికార్డులో ఒకటి చూపి, వాస్తవంలో మరొకలా ఉన్నది ఎవరు? అతుకు! అంచేత సంజాయిషీ కోరవలసింది అతుకునే."

"అతుకు ఉద్యోగి కాదుగదయ్యా."

"ఉద్యోగికి ఉండవలసినవి ఏవి సార్? ఒక నంబరు, విధుల్లో చేరిన తేదీ, ధ్రువపత్రం, కేటాయించిన పని. అతుక్కి నాలుగూ ఉన్నాయి. మన కాంట్రాక్టు వాళ్ళలో సగంమందికి లేవు."

త్రినాథరాజు గారు మెల్లగా నిటారుగా కూర్చున్నారు. విచారణంటూ జరిగితే తీర్పు ఉంటుంది. అతుకు నిర్దోషి అని తేలితే ధ్రువపత్రం నిలుస్తుంది, మూడు గంటలు నిలుస్తాయి, తోక తిరిగిన సంతకం నిలుస్తుంది.

"నిందితురాలికి సహాయకులు ఉండాలి కదూ?" అన్నారు.

"తప్పనిసరి సార్. నిబంధన."

"మంగతాయారు గారిని వెయ్యండి." ఆయన ఆమె వైపు తిరిగి చల్లగా నవ్వారు. "లోకంలో ఏ వకీలైనా లేచి తన కక్షిదారు నేరం చేశాడంటాడామ్మా? మీరు లేచి 'రాగి లేదు' అంటారు. మేం ఒప్పుకుంటాం. అంతే. ఆ మాటే నివేదికలోకి వెళుతుంది."

*

మెమో మర్నాడే తయారైంది.

"ఏడో నంబరు అతుక్కి. తమరు విధుల్లో చేరిన నాడు 0.06 శాతం రాగిని మాత్రమే కలిగియున్నట్లు ధ్రువీకరించబడియుండియు, ప్రస్తుతము 0.31 శాతం రాగిని పై అధికారుల అనుమతి లేకుండా కలిగియున్నారని తెలియవచ్చినది. మూడు దినములలోగా సంజాయిషీ ఇవ్వనియెడల తమరు చెప్పుకొనుటకేమియు లేదని భావించబడును."

మెమోని స్వయంగా అందజేయాలని నిబంధన. అతుకు రియాక్టర్ లోపల ఉంది కాబట్టి, దాని ప్రతినిధిగా ముక్కకి అందజేయాలని నిర్ణయించారు. పరాంకుశం గారు తెల్లకోటు వేసుకుని అద్దం ఇవతల నిలబడ్డారు. నూకరాజు కిటికీలోంచి మెమో రెండు ప్రతుల్నీ లోపలికి పంపి, ఇనపచేత్తో అందుకుని ముక్క ముందు పరిచాడు.

"చదివిందా?" అన్నారు పరాంకుశం గారు.

"సూస్తన్నట్టే ఉందండి."

"పుచ్చుకున్నట్టు సంతకం?"

"సంతకం పెట్టనని ఊరుకున్నాదండి."

"'సంతకము నిరాకరించెను' అని రాయి. సాక్షిగా నువ్వు పెట్టు. మెమో రెండో ప్రతి బయటికి ఇయ్యి."

"లోనికెళ్ళిన కాయితం మరి బయటికి రాదండి," అన్నాడు నూకరాజు. "అదీ రేడియేషన్ సరుకైపోనాది. సిమెంటు డ్రమ్ములో ఎట్టి పాతీయాలి. మూడొందలేళ్ళు ముట్టుకోకూడదు."

పరాంకుశం గారు లెక్క వేసుకున్నారు. ముప్పై ఏళ్ళలో తాను రాసిన మెమోల్లో మూడువందల ఏళ్ళు భద్రంగా ఉండబోయేది ఇదొక్కటే. జేబురుమాలు తీసి కళ్ళజోడు తుడుచుకున్నారు.

మూడు రోజులు గడిచాయి. అతుకు జవాబివ్వలేదు. ఆరోపణల్లో 'అధికారుల పట్ల నిర్లక్ష్య వైఖరి' అని ఇంకొకటి చేరింది. విచారణ పన్నెండో తారీకున పెట్టారు.

*

కక్షిదారు నోరు విప్పదు కాబట్టి, కక్షిదారుని పుట్టించినవాణ్ణి వెతుక్కుంటూ వెళ్ళింది మంగతాయారు. పాత వెల్డింగ్ కార్డు మీద పేరుంది: గొర్లె సింహాద్రి. రిటైరై పద్నాలుగేళ్ళయింది. గేటు అవతల పేటలో, అల్లుడి గ్రిల్లుల షాపు వెనక రెండు గదుల్లో ఉంటున్నాడు. మధ్యాహ్నం భోజనం వేళకి వెళితే, అరుగు మీద కూర్చుని అల్లుడు వేసిన గేటు అతుకుల్ని వేలితో తడిమి చూస్తూ పెదవి విరుస్తున్నాడు.

"ఏడో నంబరా!" అని లేచి నిలబడ్డాడు. "నా సేతి పనేనమ్మా. పదకొండు రోజులు. ఎల్లకిలా తొంగుని ఏసినాను. ఈ బుజం మీద మచ్చ సూసినారా, అప్పటిదే. ఏటయిందమ్మా? బీటేసిందా?"

"లేదు సింహాద్రి గారూ. మెమో ఇచ్చారు."

"మెమోనా? ఏటి, పనికి ఆలీసంగా వొచ్చిందా?"

లోపల్నుంచి ఆయన భార్య పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు. "నవ్వకే. నా పనిలో తప్పుందంటారా అమ్మా? సెప్పీయండి. ముసిలోణ్ణని దాసకండి."

"మీ పనిలో తప్పు లేదు. అందులో రాగి ఎక్కడినుంచి వచ్చిందో తెలీడంలేదు."

ఆమెకి మంచినీళ్ళు ఇవ్వడానికి ఆయన భార్య వచ్చింది. గ్లాసు అందుకుంటూ మంగతాయారు దేవుడి గూటి వంక చూసింది. గూట్లో చిన్న గంట వేలాడుతోంది. గంటని కట్టిన తీగ కొక్కెంలాగా వంకర తిరిగి ఉంది. చెయ్యి తగిలే చోట నల్లగా, మలుపు లోపల మాత్రం ఎర్రగా, తోమిన చెంబులాగా మెరుస్తోంది.

"ఆ తీగ దేనిది పిన్నిగారూ?"

"రాగిదమ్మా. ఉగాదికుగాదికి సింతపండెట్టి తోముతాను."

"రాగి నీ మొహం," అన్నాడు సింహాద్రి. "అది ఉక్కు తీగే. ఏడో నంబరు ఏసినప్పుడు మిగిలిన ముక్క. తుప్పట్టకుండా పైన రాగి పూత పూసి వొచ్చీది."

మంగతాయారు గ్లాసు కింద పెట్టింది. "ఆ తీగని పరీక్షకి ఇచ్చింది ఎవరు?"

"నేనే. ఓ కుర్ర ఇంజనీరు బాబు వొచ్చి, 'సింహాద్రీ, లేబుకెళ్ళే ముక్క అద్దంనాగుండాల. నూనె, మురికి, పూత, ఏటీ కనబడకూడదు' అన్నారు. గరుకు కాయితం ఎట్టి తోమి తోమి తెల్లగా సేసి ఇచ్చినాను. బుజం తట్టి సెబాసన్నారు."

"మరి వెల్డింగ్‌లో వాడిన తీగ?"

"దాన్నెవడు తోముతాడమ్మా! సుట్టలకి సుట్టలు. పూతతోటే వాడీసినాం."

మంగతాయారుకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. రెండూ దిగమింగి, "పిన్నిగారూ, గంట తీగ రెండ్రోజులు అప్పిస్తారా? దేవుడికి నేను వేరే కొక్కెం తెచ్చిస్తాను," అంది.

*

విచారణ సమావేశ మందిరంలో జరిగింది. నిందితురాలికి ఒక కుర్చీ వేసి, మీద '7' అని అట్ట నిలబెట్టి, ముందు గ్లాసుతో నీళ్ళు పెట్టారు. బంట్రోతు గుమ్మంలోకి వెళ్ళి "ఏడో నంబరు అతుకు హాజర్!" అని మూడుసార్లు అరిచి వచ్చాడు. ముక్కకి కబురు పెట్టాలా అని నూకరాజు అడిగితే వద్దన్నారు. విచారణాధికారి పరాంకుశం గారు. పైన కూర్చున్నది త్రినాథరాజు గారు.

"నిందితురాలు గైర్హాజరు. సహాయకులు చెప్పుకోవలసినది చెప్పవచ్చును."

త్రినాథరాజు గారు పెన్ను మూత తీసి, 'నిర్దోషి' అని రాయడానికి సిద్ధంగా కూర్చున్నారు.

మంగతాయారు లేచింది. "నా కక్షిదారు నేరం ఒప్పుకుంటోందండి."

పెన్ను ఆగిపోయింది.

పరాంకుశం గారు కుర్చీలో ముందుకి జరిగారు. "ఏమన్నారు?"

"తనలో 0.31 శాతం రాగి ఉన్నట్టు, ముప్పై ఒక్కేళ్ళుగా చెప్పకుండా ఉన్నట్టు ఒప్పుకుంటోందండి."

"సార్!" అన్నారు పరాంకుశం గారు. "నా సర్వీసులో నాలుగు వందల పన్నెండు విచారణలు చేశాను. గైర్హాజరైనవాడు ఆఫీసులోనే ఉన్నానన్నాడు. తాగి వచ్చినవాడు దగ్గుమందన్నాడు. ఒప్పుకున్న ప్రాణి ఇది మొదటిది!"

"ఆగవయ్యా," అన్నారు సంచాలకులు. "వకీలు ఇలా మాట్లాడ్డానికి వీల్లేదు."

"వీలుంది సార్. నేరాంగీకారము ఏ దశలోనైనను స్వీకరించవచ్చును." ఇక ఆయన్ని ఆపడం ఎవరి తరం కాదని అక్కడున్నవాళ్ళందరికీ అర్థమైంది.

"అయితే ధ్రువపత్రం అబద్ధమంటారా? దానిమీద సంతకం పెట్టినవారు..." త్రినాథరాజు గారి మాట మధ్యలోనే తెగింది.

"అబద్ధం కాదండి, అక్షరాలా నిజం," అంది మంగతాయారు. "దానికి సాక్షిని తెచ్చాను."

సింహాద్రి ఉతికిన పంచెలో వచ్చి నమస్కారం పెట్టాడు. ముందు ఖాళీ కుర్చీకి, తరవాత అధికారులకి. తీగ సంగతి, పూత సంగతి, గరుకు కాగితం సంగతి వరసగా చెప్పాడు. చెబుతూ చెబుతూ పైకి చూసి ఆగిపోయాడు.

"బాబూ! ఆ కుర్ర ఇంజనీరు బాబు తమరే కదూ? మీసం తీసీసినారు, పోల్చుకోనేకపోనాను."

త్రినాథరాజు గారి చెయ్యి లేని మీసం మీదికి వెళ్ళింది. భయపడాలో గర్వపడాలో ఆయనకి కాసేపు తేలలేదు. ఆ సంవత్సరం పరిశుభ్రతా వారోత్సవాల్లో ఆయనకి మొదటి బహుమతి వచ్చింది. షీల్డు ఇప్పటికీ గదిలో ఉంది.

"శుభ్రత విషయంలో నేను ఆనాటినుంచీ రాజీ పడలేదు," అన్నారు చివరికి.

"పడలేదండి," అంది మంగతాయారు. ఎర్రగా మెరిసే తీగ కొక్కేన్ని బల్లమీద పెట్టింది. "తోమి ఇచ్చిన తీగలో రాగి 0.06. పత్రంలో అదే రాశారు, తప్పు లేదు. తోమని తీగతో అతుకు వేశారు, అందులో 0.31. అదీ తప్పు లేదు. రవ్వలో పురుగులున్నాయేమో చూడమంటే, శుభ్రంగా జల్లించి, జల్లించిన రవ్వలో వెతికి లేవని రాశామండి. ఉప్మా మాత్రం జల్లించని రవ్వతో చేసుకున్నాం."

నూకరాజు గోడవైపు తిరిగి దగ్గాడు. అది దగ్గు కాదు.

ఎవరి సంతకమూ అబద్ధం కాలేదు కాబట్టి త్రినాథరాజు గారికి ఊపిరి వచ్చింది. ఊపిరితోపాటు పద్నాలుగో తారీకూ గుర్తొచ్చింది. "సరే, ఒప్పుకుంది కదా. మందలించి వదిలెయ్యండి. రియాక్టర్ మామూలుగానే మొదలుపెడదాం."

"వద్దండి!" అంది మంగతాయారు. "మందలిస్తే నా కక్షిదారు మారదు. ముప్పై ఒక్కేళ్ళలో ఒక్క మెమోకీ జవాబివ్వని మనిషి. దయచేసి పెద్ద శిక్ష వెయ్యండి."

"మీరు ఎవరి తరఫునమ్మా?" అన్నారు సంచాలకులు.

పరాంకుశం గారు అప్పటికే నిబంధనల పుస్తకం తిరగేస్తున్నారు. "సహాయకులు చెప్పింది సబబే సార్. దీర్ఘకాలము దాచిన నేరమునకు మందలింపు చాలదు. రెండే ఉన్నాయి. ఒకటి, ఉద్యోగం నుంచి తొలగింపు."

"తొలగింపా! అతుకు తీసేస్తే రియాక్టర్ రెండు ముక్కలవుతుంది."

"రెండోది, హోదా తగ్గింపు. ఇంతకుముందు చేసిన బరువైన పని ఇకమీదట చేయనీయరాదు. దిగువ హోదాకి తగిన పని మాత్రమే అప్పగించవలెను."

"అతుక్కి దిగువ హోదా పని ఏముంటుందయ్యా?"

మంగతాయారు సంచీలోంచి ఒక కాగితం తీసింది. రెండు రోజులు కూర్చుని, మళ్ళీ మళ్ళీ సరిచూసి రాసిన పట్టిక. చల్లగా ఉన్నప్పుడు ఒత్తిడి లేదు. తొమ్మిది గంటలు నెమ్మదిగా వేడి. ఏ గంటకి ఎంత వేడి, ఎంత వేడికి ఎంత ఒత్తిడి, అన్నీ గళ్ళలో ఉన్నాయి. పైన గుండ్రని అక్షరాలతో 'దిగువ హోదా విధులు' అని శీర్షిక పెట్టింది.

త్రినాథరాజు గారు పట్టిక చూశారు. పరాంకుశం గారి వేలు ఇంకా 'తొలగింపు' అన్నమాట మీదే ఉంది. అదీ చూశారు. సంతకం పెట్టారు. తోక ఈసారి పడగెత్తలేదు.

శిక్షకి ఆధారంగా మంగతాయారు నివేదికని జతపరిచారు. రాగి అన్నచోట 0.31, కింద ఆమె సంతకం. నేరం రుజువైన అంకెని మార్చడం ఇంక ఎవరికీ సాధ్యం కాదు.

*

పద్నాలుగో తారీకు ఉదయం ఎనిమిదింటికి మంత్రిగారు బటన్ నొక్కారు. చప్పట్లు కొట్టారు. మరేమీ జరగలేదు. పదకొండింటికి మంత్రిగారు మజ్జిగ తాగారు. ఒంటిగంటకి భోంచేశారు. మూడింటికి దండలోని బంతిపూలు ఒక్కొక్కటీ తుంపి కాళ్ళ దగ్గర పోగు పెట్టుకున్నారు. కుర్చీ మెత్తటిదే వేశారు.

"ఏమిటయ్యా ఈ ఆలస్యం?"

"ఒకరికి హోదా తగ్గించాం సార్," అన్నారు త్రినాథరాజు గారు చెమట తుడుచుకుంటూ. "అంచేత పని నెమ్మదిగా అవుతోంది."

"ఎన్నేళ్ళ సర్వీసు?"

"ముప్పై ఒకటి సార్."

"సెలవులు బాగా పెట్టేవాడా?"

"ఒక్కటీ లేదు సార్."

"ఇన్నాళ్ళూ ఎక్కడ పనిచేశాడు?"

"మంట దగ్గరే సార్."

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. "అలాంటివాణ్ణా దించేస్తారు! మీకు మనసెలా ఒప్పిందయ్యా? కాగితం ఇలా తే." పేరు అడిగితే ఏం చెప్పాలో తోచక సంచాలకులు ఉన్నదే చెప్పారు. 'శ్రీ ఏడవ నంబరు గారి విషయం సానుభూతితో పరిశీలించి పూర్వపు హోదా ఇప్పించగలరు' అని మంత్రిగారు స్వహస్తాలతో రాశారు.

వెనక వరసలో నిలబడ్డ మంగతాయారు ఒక అడుగు ముందుకి వేసింది. పన్నెండో తారీకున గెలిచిందంతా ఆ ఒక్క వాక్యంలో పోయేట్టుంది. సంచాలకుల మొహం వికసించడం కూడా చూసింది.

కాగితం పరాంకుశం గారి చేతికి వచ్చింది. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, సవినయంగా తల ఊపారు. "తమ దయ సార్. అయితే సిఫార్సుకి ముందు అప్పీలు ఉండాలి. అప్పీలు మీద అప్పీలుదారు సంతకం ఉండాలి. సదరువారు సంతకం పెట్టరు సార్. మెమో ఇచ్చినప్పుడే చూశాను. మొండిఘటం."

సిఫార్సు ఫైల్లోకి వెళ్ళిపోయింది. అయిదుం పది నిమిషాలకి ఒత్తిడి పట్టికలో రాసిన చోటికి చేరింది. ఏ అతుకూ బీట వెయ్యలేదు. ప్రయోగశాలకి తిరిగొచ్చిన మంగతాయారుకి నూకరాజు అద్దంలోంచి ఇనపచేత్తో దణ్ణం పెట్టాడు. సింహాద్రి గేటు బయట నిలబడి, పొగగొట్టం వంక చూస్తూ తన భుజం మీద మచ్చ తడుముకున్నాడు. ఆ మర్నాడు ఆయన ఇంట్లో గంట మళ్ళీ పాత కొక్కేనికే వేలాడింది.

వారం తిరక్కుండా మంగతాయారు బల్లమీద ఒక కవరు ఉంది.

"తమరు నిందితురాలి సహాయకులుగా నియమితులై యుండియు, నిందితురాలికి అధిక శిక్ష కోరి, మంత్రివర్యులను తొమ్మిది గంటలు కూర్చుండబెట్టుటకు కారకులైనందున, మూడు దినములలోగా సంజాయిషీ ఇవ్వవలెను."

ఆమె ఆ పూటే జవాబు రాసింది. ఒకటే వాక్యం.

"జల్లించకముందు చూశాను."

పరాంకుశం గారు ఆ వాక్యాన్ని రెండు రోజులు పరిశీలించారు. అది నేరాంగీకారమో నిరాకరణో ఏ నిబంధనా చెప్పలేదు. మూడో రోజు ఉదయం లేచి, సర్వీసులో మొదటిసారి స్వయంగా క్యాంటీన్ సామాన్ల గదికి వెళ్ళారు. లోపల పది నిమిషాలున్నారు.

ఆ రోజు ఫలహారం వరసలో నిలబడ్డవాళ్ళందరూ తలుపు సందులోంచి తొంగి తొంగి చూస్తున్నారు. మంగతాయారూ చూసింది. లోపల గోడవారగా ఉన్న బొంబాయి రవ్వ బస్తాకి, మూతి కట్టిన చోట, కొత్త మెమో ఒకటి అంటించి ఉంది. అందులో నివసిస్తున్నవారిని మూడు దినములలోగా సంజాయిషీ కోరుతున్నారు.

మంగతాయారు ఆ పూట ఇడ్లీ పెట్టమంది.